గచ్చులోని ధాతురాగము

విజయనగరమున కోటగోడల చుట్టునున్న వీధులలోను, గంటస్తంభము కడనుండి చీలిపోయిన సందులలోను, ఇప్పటికిని అక్కడక్కడ మిగిలి, ఒకటొకటిగా అంతస్తుల మేడలకు చోటిచ్చి తొలగిపోవుచున్న పాత పెంకుటిండ్లలోనికి, వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున చెప్పులు గడపకీవల విడిచి అడుగిడినవానికి, కన్నులింకను లోపలి చీకటికి అలవాటు పడకముందే, అరికాళ్ళకు ఎఱ్ఱగచ్చు చల్లదనము తెలిసివచ్చును. కన్ను తేఱిన పిమ్మట చూడగా, వీధియరుగు మొదలుకొని వంటయింటి గడప వఱకు మనుష్యులు నిత్యము నడచు బాటయంతయు అద్దమువలె మెఱయుచు, బీరువా క్రిందను మంచము క్రిందను మాత్రము రంగు మందగించి పొడివాఱి కనబడును. త్రొక్కుడు పడిన చోటనే గచ్చు నిగ్గు తేలినదన్నమాట. గోడలకు సంక్రాంతి సంక్రాంతికి సున్నము కొట్టింతురు. తలుపులకు పెండ్లికో పేరంటమునకో రంగు వేయింతురు. ఈ గచ్చునకు మాత్రము వేసిననాటి తరువాత మరల రంగు పూసిన పాపమున ఎవ్వరును బోలేదు. నలుబది యేబది యేండ్లు అడుగుల క్రింద నలిగియు చెడని యీ యెఱుపు ఎట్టిది?

ముందు మాటను గూర్చి ఒక మాట. సంస్కృతమున దీనికి కుట్టిమమని పేరు. కావ్యములయందు మణికుట్టిమములు కోకొల్లలు గాని, తాపీమేస్త్రి నోట ఆ శబ్దము పుట్టదు, అతనికది గచ్చు. ఆ గచ్చనునదియు పారసీకభాషలో గోడపూతకు వాడు ఒక తెల్లని పదార్థమును తెలుపు మాటనుండి మనకు సంక్రమించినది. వ్యావహారికభాషకై జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో జన్మించిన పర్వతాలపేట శ్రీకాకుళమునకు సమీపముననే యున్నది. ఆయన పుట్టిన సీమయందు కూర్చుండి కుట్టిమమని వ్రాయుటకు నాకు చేయి రాదు గనుక, తక్కిన వ్రాతలో గ్రాంథికపు వాసన యెంతయున్నను, దీనిని మాత్రము గచ్చనియే యందును. ఒకప్పుడు సున్నపు గారతో మెత్తిన నేలను గచ్చనిరి. సిమెంటు వచ్చి సున్నపు గానుగలను మూలబెట్టినను మాట మాఱలేదు. మాఱకుండుటయే యుచితమని రసాయనశాస్త్రము కూడ అనును. ఏలయన సిమెంటులో సున్నము దాగియున్నది, మన కథలో నాయకపాత్రయు ప్రతినాయకపాత్రయు దానిదే.

సిమెంటు రాకముందు తీరపు గుల్లలను కాల్చి తీసిన సున్నమును ఇసుకతో గానుగనాడించి, కరక్కాయలు నానిన నీటిని, బెల్లపు నీటిని చేర్చి, ఆ గారను నేలపై పఱచి రోజుల తరబడి కొట్టుచు నునుపుచేసెడివారు. ఎఱుపు కావలెనన్న మెత్తని యిటుకపొడియో జేగురో కలిపెడివారు. ఇటుకపొడి రంగునిచ్చుటయేగాక సున్నముతో కూడి గట్టిపడును గనుక ఒక ఖర్చుతో రెండు పనులు నెఱవేఱెడివి. 1824 అక్టోబరు 21వ తేదీన ఇంగ్లండు దేశమున లీడ్సు నగరపు తాపీపనివాడు జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లండు సిమెంటునకు పేటెంటు పొందెను. మన దేశమున ఆ సిమెంటు నిలుకడగా తయారగుట పోర్‌బందరులో 1914లో మొదలైనది. దానివెంట పచారికొట్లలో పొట్లములుగా కట్టిన ఎఱ్ఱని యినుప భస్మమును వచ్చి చేరినది. నగరములలో 'రెడ్ ఆక్సైడు' అనుచు, పల్లెలలో ఉత్త 'ఎఱ్ఱరంగు' అనుచు కొనుక్కొనిపోయెడిది అదియే.

ఆ పొడియే ఎందుకు? ఎఱ్ఱని వస్తువులు లోకమున కొఱవా? ఈ ప్రశ్నకు సమాధానము ప్రతి తెలుగింటి పెరటిలోను పెండ్లినాడు కనబడును. పసుపులో తడిసున్నము రంగరింపగా క్షణములో పసిమి పోయి ఎఱ్ఱని పారాణి యగును. పసుపులోని రంగుపదార్థము క్షారము సోకినంతనే తన నిర్మాణమును మార్చుకొనును; పిమ్మట ఎండకును గాలికిని విఱిగి నశించును. పెండ్లికూతురి పాదములకు పారాణి నాలుగు నాళ్ళుండిన చాలును, గచ్చునకు చాలదు. చెట్లనుండి తీసిన రంగులలో పెక్కింటికి సున్నము మృత్యువు. ఖనిజవర్ణములలోను కొన్నింటికి ఈ గతియే పట్టును. పదునెనిమిదవ శతాబ్ది తొలి యేండ్లలో బెర్లిను నగరమున కనుగొనబడి, చిత్రకారులను మురిపించిన ప్రష్యను నీలమును సిమెంటులో కలిపినచో, అందలి యినుము నీలపు కూర్పును విడనాడి తుప్పుగా మాఱగా, గచ్చు గోధుమరంగునకు దిగజాఱును.

సిమెంటులో సున్నమెక్కడనుండి వచ్చినదందురా? సున్నపురాతిని బంకమట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చి, వచ్చిన గడ్డలను మెత్తగా దంచగా సిమెంటగును. నీరు తగిలినప్పుడు అందలి సిలికేట్లు నీటిని గ్రహించి, సూదులవలె రేకులవలె పెరిగి, ఇసుకరేణువులను పెనవైచుకొనును. సిమెంటు గట్టిపడుటయనగా నిదియే. ఈ పనిలో మిగులు పదార్థముగా తడిసున్నము వెలువడును. అది స్వల్పమని తలంపరాదు. గట్టిపడిన ముద్దలో ఇంచుమించు అయిదవవంతు అదియే యుండును. సందులలో నిలిచిన నీరు దానివలన తీవ్రక్షారమై, క్షారామ్లముల నెన్ను పి.హెచ్. కొలతలో 12.5 మొదలు 13 వఱకు నుండును. అట్టి నీటిలో ఏండ్లకొలది మునిగియుండి మాఱకుండవలెనన్న, ఆ రంగు ఇక మాఱుటకేమియు మిగులని పదార్థము కావలెను. ఎఱ్ఱపొడి అట్టిది. అది యినుము ప్రాణవాయువుతో పూర్తిగా కూడిన స్థితి, తేటతెలుగున తుప్పు. తుప్పునకు మరల తుప్పు పట్టదు.

ఇనుమే తక్కిన రంగులకును తల్లి. నీటిని తనలో బంధించుకొన్న యినుపభస్మము పసుపుపచ్చగా నుండును. దానిని కాల్చినచో నీరు పోయి ఎఱుపెక్కును. ప్రాణవాయువు పాలు కొంత తగ్గిన, అయస్కాంతమునకు లొంగు రూపము నల్లనిది. ఈ మూటిని పాళ్ళుమార్చి కలిపి గోధుమవర్ణములన్నిటిని సాధింతురు. ఆకుపచ్చదనమునకు క్రోమియము భస్మమును, చెడని నీలమునకు వెల హెచ్చైన కోబాల్టును ఆశ్రయింపవలెను. కొండలలో దొరకు జేగురు వేలయేండ్లుగా మనుష్యులకు తెలిసినదే గాని, నేడు సిమెంటులో కలియు పొడి చాలవఱకు కర్మాగారములలో పుట్టినది. 1925 ప్రాంతమున జర్మనీ దేశస్థుడు లౌక్స్ అను రసాయనజ్ఞుడు, బట్టలరంగులకు మూలమైన అనిలీనును ఇనుపరజముతో తయారుచేయు పద్ధతిలో మిగిలిపోవు బురదనుండియే మేలైన రంగుభస్మములు తీయవచ్చునని చూపెను. పాఱవేయు బురద సరకైనది. అసలు సరకుకంటె కొన్నిచోట్ల అదియే గిట్టుబాటైనదట!

పొడియెంత కలుపవలెనను విషయమున ఇంటివారి యాశకును శాస్త్రమునకును పొత్తు కుదరదు. రంగురేణువు మిల్లీమీటరులో వేయవవంతుకంటెను చిన్నది. సిమెంటురేణువు దానికి పదిరెట్లో ఇరువదిరెట్లో పెద్దది. చిన్నవి పెద్దవానిని కప్పివేయును. ఒకమాఱు కప్పుట పూర్తియైన పిమ్మట ఎంత కలిపినను కంటికి భేదము తోపదు. సిమెంటు తూకమున నూటికి అయిదు పాళ్ళు, అనగా 50 కిలోల బస్తాకు 2.5 కిలోలు, చాలినంత ఎఱుపు నిచ్చును. నూటికి పదిపాళ్ళు మించినచో ఆ సన్నని పొడి నీటిని ఎక్కువగా పీల్చుటచేత గచ్చు బలము చెడును. నీరు హెచ్చినను రంగు వెలవెలబోవును. ఇక మామూలు సిమెంటు తానే బూడిదవన్నెది, అదియు అందలి యినుము చలవయే. కావున దానిలో ముదురు ఎఱుపు, నలుపు నిలుచునుగాని, లేత పసుపో నీలమో కోరువారు ఇనుము తీసివేసిన తెల్లసిమెంటును కొనక తప్పదు.

శాస్త్రమింతవఱకు సులభము. గచ్చు వేయుట మాత్రము పుస్తకమున దొరకని విద్య. అడుగు కాంక్రీటు పూర్తిగా ఆఱకముందే పైపొర పడవలెను, లేదా రెండును అతుకక డొల్లపలుకును. సిమెంటును రంగును పొడిగానున్నప్పుడే జల్లెడపట్టి, చేతితో పిడికెడు తీసి నొక్కిచూచిన ఎచ్చటను చార కనబడనంతవఱకు కలిపి, గదికి చాలినంత ఒక్కపర్యాయమే సిద్ధపఱచుకొందురు. నడుమ మరల కలిపినచో రెండవ పాళ్ళు మొదటివానితో సరితూగుట కల్ల. రసమట్టముతో వాలు చూచుకొని, పెద్దగదియైన గాజుబద్దలు నిలిపి గళ్ళుగా విభజించి, ముద్దను పఱచి కఱ్ఱపలకతో చదునుచేసిన తరువాత వచ్చును అసలు పరీక్ష: ఊరకుండుట. ముద్దలోని నీరు కొంత పైకితేలి మెఱయును. ఆ మెఱుపు చూచి తొందరపడినవాడు చెడినట్లే.

ఒకనాడు మాయింటి వసారాలో పని జరుగుచుండగా, సాయంకాలమగుచున్నదను ఆతురతతో నేను రెండుమాఱులు హెచ్చరింపగా, మేస్త్రి బీడి చివర గోడకు నలిపి, "నీరింకా దిగలేదు బాబూ, ఇప్పుడు తాపీ ఎడితే రంగు సచ్చిపోతాది" అని కూర్చున్నచోటనుండి కదలలేదు. అతడన్నది అక్షరాల నిజమని పిమ్మట తెలిసికొంటిని. తేలిన నీటిని ఇనుపతాపీతో మరల లోనికి నెట్టినచో పైపొరయే పలుచనై, వన్నె తగ్గి, ఎండినపిదప సాలెగూడువంటి నెఱ్ఱెలు పాఱును. నీరు తనంత దిగి, వ్రేలు నొక్కిన లీలగా గుర్తుపడు నదనున, వెనుకకు జరుగుచు గుమ్మమువైపు వచ్చుచు, మొదట మెల్లగ, చివర బలముకొద్ది నూరినట్లు తాపీ పట్టుదురు. ఆ యొత్తిడికి సందులు మూసికొని, రేణువులు ఒరసికొని, కాంతి చెదరక తిరిగివచ్చును. నిగనిగలాడుటయనగా అంతకు మించి లేదు.

మఱునాటినుండి నీరు పెట్టుట. అంచులకు మట్టికట్ట వేసి వారము పదినాళ్ళు నీరు నిలుపుదురు. మా వసారాలో నీరు నిలువక జాఱిపోవుచుండగా, గోగునార పండు సీమగదా, గోతాములకు కొఱతయేమని, నాలుగు తడిపి పఱచితిమి. ఆ యాలోచన మేస్త్రిది కాదు, నాదే. గోతాము తగిలినచోట తడి నిలిచినది, ముడుతపడినచోట ఆఱినది. తడి యెక్కువైన తావున సిమెంటు ఎక్కువగా పండి ఒక వన్నెయు, ఆఱిన తావున మఱియొక వన్నెయు దేలి, గోతాము నేతతో సహ నేలపై అచ్చుపడినది. ఎన్ని యేండ్లు మైనము రుద్దినను అది చెరగలేదు. చూడవచ్చినవారికి అదియొక చిత్రరచనయని చెప్పి నెగ్గుకొనివచ్చుచున్నాను.

క్రొత్తగచ్చునకు మఱియొక తెగులు తెల్లపూత. ఉప్పుపట్టినదని ఇల్లాలు విచారించును. సముద్రము మూడామడల లోపలనే యున్నది గనుక ఆ నిందయు దానిపై పడును. నిజమునకు చాలవఱకు అది సున్నపు పని. సందులలోని సున్నపునీరు మెల్లగ పైకి వచ్చి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కూడి, సుద్దగా మాఱి పేరుకొనును. రంగు పోలేదు, తెల్లని తెర వెనుక కూర్చున్నది. తడియాఱని వానకాలమున వేసిన గచ్చులందు ఈ తెర మఱింత దట్టము. నాలుగు నెలలు తుడువగా తుడువగా పలుచబడి, చివరకు కొబ్బరినూనె చేయి పడగానే అదృశ్యమగును. ఈ ఓపిక లేనివారు కొందఱు గచ్చుపై నూనెరంగు పూయింతురు. అది యవివేకము. నూనె, క్షారము కూడిన సబ్బగునని సబ్బు వండిన ప్రతివానికి తెలియును. ఆ రంగు అడుగున సబ్బుగా మాఱి పొరలుపొరలుగా లేచిపోయి, ఇల్లు బొల్లిపట్టినట్లు కనబడును.

ఇంతవఱకు చెప్పినది పచ్చిసిమెంటులో రంగు కలుపుట. ఎన్నడో గట్టిపడి బూడిదవన్నెతో నున్న గచ్చునకు రంగు పట్టించు మార్గమొకటి వేఱుగ నున్నది. దానిని పూత అనరాదు; మరక అనవలెను. ఇల్లాండ్రు జీవితమంతయు మరకలతో యుద్ధము చేయుచుండగా, మరకను కోరి తెచ్చుకొను శాస్త్రము ఒకటున్నదనిన నవ్వుదురు గాని, ఆయుర్వేదపు మందులకొట్లలో దొరకు అన్నభేది తెచ్చి నీటిలో కరిగించి, సిమెంటుపలకపై కుంచెతో పూసి చూడుడు. మొదట ఆకుపచ్చని లేతచాయ, గాలి తగిలినకొలది నాఱింజపసుపు, తెల్లవాఱునప్పటికి తుప్పువన్నె. అన్నభేది యినుపలవణము. సిమెంటులోని సున్నము దానిని తాకినంతనే ఇనుమును నీటినుండి విడగొట్టి, కరగని రూపమున తన సందులలోనే దింపును. ప్రాణవాయువు దానిని తుప్పుగా పండించును. రంగు బయటనుండి వచ్చి అంటుకొనలేదు, లోపలనే పుట్టినది. మైలుతుత్తమైనచో నీలహరితవర్ణము వచ్చును. పారాణిని చంపిన సున్నమే ఇచట మంత్రసానియైనది.

కరక్కాయనీటికిని ఇనుమునకును గల మైత్రి మనవారికి తెలియని దేమియు కాదు. కలంకారీ అద్దకమున కరక్కాయరసము పట్టిన బట్టపై, ఇనుపముక్కలు బెల్లపునీటిలో మురుగబెట్టి తీసిన ద్రవమును ఆనింపగా నల్లని గీత పుట్టును. పూర్వకాలపు వ్రాతసిరాయు ఈ బంధువర్గములోనిదే. బట్టయందు కరక్కాయ చేయు పనిని గచ్చునందు సున్నము చేయుచున్నది.

నేడు బజారులో యాసిడ్ స్టెయిన్ అను పేర నమ్ముడుపోవు ద్రవములు అన్నభేదికి సవరించిన రూపములే. వానిలో కొంచెము హైడ్రోక్లోరికామ్లమును, ఇనుము, మాంగనీసు, క్రోమియము, రాగి మొదలగు లోహముల లవణములును ఉండును. పూయగానే గచ్చు బుసబుసమని పొంగును. ఆమ్లము సుద్దను తిని సందులు తెఱచుచున్న సవ్వడి యది. తెఱచిన సందులలో లోహము దిగి, సున్నముతో కూడి, మిల్లీమీటరో రెండో లోతువఱకు రంగై నిలుచును. సున్నము గదియందంతట ఒక్కతీరుగ నుండదు గనుక రంగును ఒక్కతీరుగ రాదు. పాలరాతివలె మబ్బువలె చెదరియుండును. ఒక గచ్చుపై వచ్చిన చాయ ఇంకొక గచ్చుపై వచ్చునని ప్రమాణము చేయు మేస్త్రిని నమ్మరాదు. పని ముగిసిన పిమ్మట వంటసోడానీటితో ఆమ్లమును శమింపజేసి, కడిగి, ఆఱినమీదట మైనమో పారదర్శకపుపూతయో వేయుదురు. కిటికీలు తెఱచి, చేతులకు రబ్బరుతొడుగులు వేసికొని, ఆమ్లమునే నీటిలో పోయవలెనుగాని నీటిని ఆమ్లములో పోయరాదను నియమమును మఱువక చేయవలసిన పని యిది.

ఈ ద్రవములలో నల్లని, ముదురు గోధుమవన్నెలను ఇచ్చునది ముఖ్యముగ మాంగనీసు. దాని లవణము క్షారమున పడినప్పుడు తెల్లని అవక్షేపమై, గాలి తగులగా చూచుచుండగనే నల్లబడును. ఈ మాట వ్రాయుచుండగా నాకు గుండెలో ఒక విధమైన స్వదేశాభిమానము పొడమినది. ఏలయన భారతదేశమున మాంగనీసు గనులు మొట్టమొదట తెఱువబడినది, పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున, విజయనగరప్రాంతపు కోడూరు కడనే. గరివిడి, గర్భాం, చీపురుపల్లి పేరులు ఆ ఖనిజముతోనే ముడిపడినవి. భూవిజ్ఞాని ఫెర్మోర్ 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపములపై బృహద్గ్రంథమును ప్రకటించెను; ఆయనయే ఇచ్చటి యొక వింతరాతికి ఆ గ్రామముపేరనే కోడురైటని నామకరణము చేసెను. అందు మాంగనీసు గల గోమేధికజాతి స్ఫటికములున్నవి. ఆ రాయి యెట్లు పుట్టెనను విషయమున తరువాత చాల వాదములు నడచినను, పేరు నిలిచినది. మన కొండలలోని ఎఱ్ఱరాతికిని అట్టిచరిత్రయే: 1902లో వాకర్ అను శాస్త్రజ్ఞుడు కొండలవాసులైన ఖోండుల పేర దానిని ఖోండలైటు అనెను.

ఖోండలైటుకొండ అంచున తెగిన కట్ట నొకదానిని చూడుడు. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పముగ ఆమ్లమై రాతిపగుళ్ళలో దిగినది. అందలి స్ఫటికములను మెల్లగ కొఱికి ఇనుమును మాంగనీసును వెలికి తీసినది. ప్రాణవాయువు దొరకినచోట ఇనుము ఎఱ్ఱగా, మాంగనీసు నల్లగా దిగి నిలిచినవి. ఒక్కొక్కచోట ఆ నలుపు ఫెర్నుమొక్క ఆకువలె కొమ్మలు చాచి, ఎవరో కుంచెతో వ్రాసినట్లుండును. ఆమ్లము తినుట, లోహము దిగుట, గాలికి పండుట: స్టెయిన్ డబ్బా గదిలో ఒక్కరాత్రి చేయు పనిని ఈ కొండలు యుగములనుండి చేయుచున్నవి. మనము ఎఱ్ఱగచ్చు వేయించినప్పుడు వీధిలోని మట్టినే శుద్ధిచేసి యింటిలోనికి తెచ్చుకొంటిమి. గచ్చుపై మరక పట్టించినప్పుడు కొండ పద్ధతినే తెచ్చుకొంటిమి.

పాత బూడిదగచ్చునకు ఈ మరక పట్టునా పట్టదా యని తెలిసికొనుటకు పెద్ద పరికరములు వలదు. నాలుగు చుక్కల నీరు చిలికిన, పీల్చుకొనిన మంచిది. తామరాకుపై నీటివలె నిలిచిన, అడుగున మైనమో నూనెయో ఉన్నదన్నమాట, దానిని ముందు వదల్చవలెను. పీల్చుకొనినను రంగు పలుచగా రావచ్చును. చాలయేండ్లు గాలికి తెఱచియున్న గచ్చుపై సున్నమంతయు సుద్దగా మాఱియుండును, వానకు తడియు అరుగులలో కడుక్కొనియు పోయియుండును. కావున ఏ మూలనో, బియ్యపుడబ్బా వెనుకనో, చేయెడల్పు చోట ముందుగ పరీక్షించుట మేలు.

ఎఱ్ఱగచ్చునకైతే ఆ పరీక్ష మా వంటయింటిలో తనంత తానే జరిగిపోయినది. గోడవార ఆవకాయజాడి పెట్టుచోట, వంపినప్పుడెల్ల కారిన పులుపు ఏడాదికేడాదికి సిమెంటును తినివేసి, అరచేతి వెడల్పున ఒక వలయమును మిగిల్చినది. నునుపు పోయినది, వ్రేలితో తడిమిన ఇసుకరేణువులు గఱుకుగ తగులును. తడిబట్ట పెట్టి చూచితిని. రేణువుల నడుమ ఎఱుపు పైపైన కాక లోతువఱకు అట్లే యున్నది.